పదిహేడో మిడత

పదిహేడో మిడత చచ్చిపోయిన సంగతి ఫెబాకు వెంటనే తెలియలేదు. దాని గీత చక్కగా వచ్చింది. అందుకని నోటుబుక్కులో "17 – మంచిది" అని రాసుకుంది కూడా.

శనివారం మధ్యాహ్నం. బీదర్ ఊరి చివర కాలేజీలో జంతుశాస్త్రం వాళ్ల వెనక గది. సెలవు పూట కావడంతో వరండాలో ఎవరూ లేరు. టేబులు మీద మెత్తని మైనంలో కదలకుండా నిలిపిన మిడత. దాని తల పైపొర తీసి, లోపల వాసనలు చేరే చోట వెంట్రుక కంటే సన్నని తీగ ఒకటి దింపి ఉంది. అక్కడి నరాల్లో పుట్టే కరెంటును ఆ తీగ పట్టుకుంటే, పక్కనున్న కంప్యూటరు తెర మీద గీతలా పారుతుంది. మీట నొక్కితే ఒక వాల్వు తెరుచుకుని, సీసాలోని వాసన గొట్టం గుండా మిడత మీసాల మీదికి వెళుతుంది. జొన్నాకు, వేపాకు, కుళ్లిన గడ్డి: మూడు వాసనలు, మూడు వాల్వులు. ఉత్త గాలి వదిలే ఖాళీ సీసాకు ఇంకో వాల్వు.

ఫెబా రెండేళ్ల నుంచి వెతుకుతున్నది ఒక్కటే. ఒకే వాసన చూపిస్తే వేర్వేరు మిడతల మెదళ్లు ఒకే రకంగా స్పందిస్తాయా, లేక దేని తీరు దానిదేనా? ఇంట్లో మెంతికూర ఉడుకుతుంటే అమ్మ మొహం వెలిగిపోతుంది, తమ్ముడు ముక్కు మూసుకుని బయటికి పోతాడు. ఇద్దరికీ అందింది ఒకే వాసనేనా? మనుషుల తలల్లో చూడలేం కాబట్టి మిడతల్లో చూస్తున్నానని ఆమె చుట్టాలకు చెప్పేది. చుట్టాలు నవ్వేవారు.

పదహారు మిడతలు పదహారూ ఒకే జవాబిచ్చాయి. ఒక్కో వాసనను ఇరవైసార్లు వదిలి, ఆ ఇరవై గీతల సగటు తీస్తే, జొన్నాకుకు ఒక ఆకారం, వేపాకుకు ఒకటి, కుళ్లు గడ్డికి ఒకటి. మిడత మారినా ఆకారం మారలేదు. ఆమె గైడు మధులిక మేడం ఆ పదహారు గీతలను ఒకదాని కింద ఒకటి పేర్చి పెద్ద కాగితం మీద ముద్రించి తన గది గోడకు అంటించింది. మంగళవారం బయటి ఊళ్ల నుంచి ముగ్గురు నిపుణులు రాబోతున్నారు. వాళ్లు చూసి సరేనంటేనే ఫెబాకు మూడో ఏడు పొడిగింపు. మేడం ఉద్యోగం పక్కా కావడం కూడా వాళ్లు రాసే రెండు వాక్యాల మీదే ఉంది.

ఆ మధ్యాహ్నం అమ్మ ఫోను చేస్తే ఫెబా వరండాలోకి వెళ్లింది. మాటలు ఇరవై నిమిషాలు సాగాయి. తిరిగొచ్చి జొన్నాకు మీట నొక్కింది. అదే ఆకారం. రాసుకుంది. అప్పుడు అనిపించింది, గది మరీ నిశ్శబ్దంగా ఉందేమిటని. నరాలు బతికి ఉంటే స్పీకరులో ఎప్పుడూ సన్నగా చిటపటమంటుంది, వేడి పెనం మీద నీళ్లు చిలకరించినట్టు. ఇప్పుడు ఏమీ లేదు.

సూక్ష్మదర్శినిలోకి వంగి చూసింది. మిడత తల మీద చుక్కచుక్కగా పడాల్సిన ఉప్పునీరు ఎప్పుడు ఆగిపోయిందో, లోపలి కండ అంతా ఎండి ముడుచుకుపోయింది. ఊపిరికి ఎగసిపడాల్సిన పొట్ట కదలడం లేదు. కుంచె కొసతో కాలిని తాకింది. మళ్లీ తాకింది.

మరోసారి మీట నొక్కింది. తిన్నగా పడి ఉన్న గీత వాసన వదిలిన క్షణంలో లేచి, ఊగి, పడుకుంది. గోడ మీది పదహారింటిలాగే.

ప్రాణం పూర్తిగా పోలేదేమో అనుకుంది. అరగంట ఆగి నొక్కింది. అదే గీత. మిడతను తీసి పక్కన పెట్టి, ఒక దూది వత్తిని ఉప్పునీటిలో తడిపి మైనం మీద పరిచి, తీగను అందులో గుచ్చింది. ఇలాంటిది చేస్తున్నందుకు తనమీద తనకే నవ్వు రావాలి. రాలేదు. జొన్నాకు మీట నొక్కింది. దూది వత్తికి జొన్నాకు వాసన తెలిసింది. వేపాకు నొక్కింది. అదీ తెలిసింది.

అంటే రెండేళ్లుగా తాను విన్నది మిడతల మాట కాదు. కానీ ఖాళీ సీసాతో మొదట్లోనే పరీక్ష పెట్టింది కదా! ఉత్త గాలి వదిలితే గీత కదలదని చూసుకున్నాకే కదా మొదలుపెట్టింది! మరి ఇది ఎక్కడి నుంచి వస్తోంది? ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. గది తాళం వేసి, తాళం పడిందో లేదో మూడుసార్లు లాగి చూసుకుని, ఆటో ఎక్కింది. ఇంట్లో అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికింది.

"ఏమాయెనే? మొహం గట్ల గుంజుకపోయింది?" అంది అమ్మ హేబ్సిబా.

"ఏం లేదమ్మా. తలకాయ నొస్తాంది."

మర్నాడు చర్చిలో పరిస్థితి ఇంకా దిగజారింది. అమ్మ ముందే చీటీ రాసి ఇచ్చినట్టుంది. పాస్టరుగారు ప్రార్థన మనవులు చదువుతూ, "మన సహోదరి ఫెబా మంగళవారం నాడు పెద్ద అధికారుల ఎదుట నిలబడబోతుంది. ఆమె రెండేళ్ల ప్రయాసకు ఫలం దక్కాలని ప్రార్థిద్దాం" అన్నారు. రెండు వందల మంది కళ్లు మూసుకుని ఆమేన్ అన్నారు. ముందు వరసలోని ఒక ముసలమ్మ వెనక్కి తిరిగి ఆమె చెయ్యి నొక్కింది. ఫెబా ఆ చేతిని పట్టుకుని తల వంచుకుంది. ఏ ఫలం? ఏం దక్కాలని అడగాలి దేవుణ్ని? ఎవరికీ తెలియకూడదనా?

ఆరాధన అయ్యాక ఆమె మైకుల దగ్గరికి వెళ్లింది. అక్కడ క్రిస్టోఫర్ మామ వైర్లు చుడుతున్నాడు. అమ్మకు పెద్దన్న. చౌబారా బురుజు దగ్గర చిన్న రిపేరు దుకాణం. మిక్సీలు, మోటార్లు, పాత రేడియోలు బాగుచేస్తాడు. బయట కొనాలంటే దొరకని వాసనల పెట్టెను, వాల్వులూ మీటలూ సహా, ఆమె కోసం ఆయనే తయారుచేశాడు. మేనకోడలు మిడతల మెదడు చదువుతుంటే ఆ యంత్రం తన చేతిదని దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు.

"మామా, ఒక్కసారి ల్యాబుకు రావాలె. ఇప్పుడే."

"ఆదివారం గదనే? కూర తీస్కపోవాలె, మీ అత్త ఎదురుచూస్తాంది."

ఆమె మొహం చూసి ఆయన చుడుతున్న వైరును అక్కడే పెట్టి లేచాడు.

తెల్ల చొక్కా చేతులు మడిచి మామ టేబులు కిందికి దూరాడు. ఫెబా పైన నిలబడి దూది వత్తి మీద మీట నొక్కుతూ పోయింది. మామ ఒక్కో వైరునే తడిమి చూశాడు. తరువాత ఒక వైర్ల కట్టను టేబులు అవతలి కాలి వైపు జరిపి, "ఇప్పుడు నొక్కు" అన్నాడు.

నొక్కింది. గీత కదలలేదు.

"మళ్ల నొక్కు."

కదలలేదు. మామ కింది నుంచి బయటికి రాలేదు. ఆయన గొంతు మాత్రం వినిపించింది.

"గీ వైర్లు నేనేసినయే బిడ్డా. ఖాళీ సీసాది ముందుగాల వేసిన, అది అవతలి దిక్కు నుంచి పోతాంది. ఈ మూడు వాసనలయి తర్వాత వేసిన. జాగ లేదని నీ సన్నతీగ పక్కనుంచే కట్టిన. వాల్వు తెరిచినప్పుడు ఈ వైర్లకెల్లి కరెంటు కొడ్తాంది, నీ తీగ అందుకుంటాంది. ఒక్కో వైరు ఒక్కో దూరంల ఉన్నది, గందుకే మూడు వాసనలకు మూడు తీర్ల గీత." వైరు వదిలేసి, "నా చేతి పని" అన్నాడు.

బయటికి వచ్చినప్పుడు ఆయన మొహం పాలిపోయి ఉంది. స్టూలు మీద కూర్చుని మోకాళ్లకు అంటిన దుమ్మును దులపడం కూడా మరిచిపోయాడు.

"మీ మేడంకు ఎరికేనా?"

"లేదు. నీకే చెప్పిన."

"మంగళారం దాటినంక చెప్పరాదు? వైరు సక్కగైంది గదా. ఇగ నుంచి సరిగనే వస్తది. నువ్వు జూటా మాటేం చెప్పలే. నీకు తెల్వకుంటనే అయింది గిది."

నిన్నటి నుంచి ఫెబా తలలో తిరుగుతున్న మాట కూడా అదే. శనివారం అమ్మ ఫోను రాకపోయి ఉంటే? ఉప్పునీరు ఆగకపోయి ఉంటే? పదిహేడోది మంచిదని రాసుకుని ఇంటికి పోయేది. మంగళవారం అందరూ చప్పట్లు కొట్టేవారు. తెలియని తప్పుకు తప్పేముంది? కానీ ఇప్పుడు తెలుసు. తెలిసీ ఆ గోడ మీది కాగితం పక్కన నిలబడి మాట్లాడాలంటే నాలుక తిరుగుతుందా? తిరుగుతుందేమోనన్నదే ఆమెకు అన్నిటికంటే భయం పుట్టించింది.

సోమవారం మేడం తొమ్మిదింటికే వచ్చింది. మధులికది కరీంనగర్. మూడేళ్ల కింద ఈ ఉద్యోగానికి బీదర్ వచ్చింది. ఊళ్లో ఒంటరిగా ఉంటుంది. మాట తక్కువ, పని ఎక్కువ. నీలం చీర కట్టుకుని, రేపటి ఉపన్యాసం బొమ్మలు ల్యాప్‌టాపులో వరసగా చూసుకుంటోంది.

"ఫెబా, రా. గీ మూడో బొమ్మల రంగులు జర ఎక్కువైనయా?"

ఫెబా తలుపు దగ్గరే నిలబడి అంతా చెప్పేసింది. ఒకసారి మొదలుపెట్టాక ఆపలేకపోయింది. చచ్చిన మిడత, దూది వత్తి, వైరు. మేడం వింటున్నంతసేపూ ల్యాప్‌టాపు మూత మీద చెయ్యి అలాగే ఉంచింది.

"ఒక్క మిడతనే గదా," అంది చివరికి. "నువ్వు చచ్చిందనుకున్నవేమో. లోపట నరాలు ఇంకా పనిచేస్తుండొచ్చు."

"దూది వత్తికి గూడ వాసన తెలుస్తాంది మేడం."

మేడం లేచి గోడ దగ్గరికి వెళ్లింది. కాగితం మీది పదహారు గీతలను పైనుంచి కిందికి వేలితో తాకుతూ వచ్చింది. "ఇంత సక్కగ రానే రాదు," అంది మెల్లగా, తనలో తనే. "ఏ ప్రాణి గూడ ఇంత సక్కగ ఇయ్యదు. నాకు ఆడనే అనుమానం రావాలె. సగటు తీసుకుంట పోయినం. నరాలు ఒక్కోసారి ఒక్కోతీరు ఆడింది సగటుల కొట్టుకపోయింది, ప్రతిసారి ఒక్కతీరు కొట్టేది వాసనల డబ్బా. డబ్బా ఒక్కటే మిగిలింది." తరువాత వెనక్కి తిరిగి, "ఎవరెవరికి తెలుసు?" అని అడిగింది.

"మా మామకు. నాకు. ఇప్పుడు మీకు."

"సరే. నువ్వు బయటికి పో."

తలుపు మూసుకుంది. ఫెబా వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఎయిర్‌ఫోర్సు శిక్షణ విమానాలు ఒకదాని వెనక ఒకటి నెత్తి మీదుగా పోతున్నాయి. లోపల మేడం ఫోను మాట్లాడుతోందో, ఏడుస్తోందో, ఊరికే కూర్చుందో తెలియదు. ఎవరికీ చెప్పొద్దంటే ఏం చేయాలి? కాదని ఎదురు తిరిగే ధైర్యం తనకుందా? మేడం ఉద్యోగం తన నోటి మాటతో పోతే? లేక నీ నిర్లక్ష్యమేనని అంతా తనమీదే వేస్తే? ఉప్పునీరు ఆగిపోయేలా ఫోను మాట్లాడింది తనే కదా. గంట గడిచింది. ఇంకో పావుగంట.

అప్పుడే సిద్దమ్మ వచ్చింది, చేతిలో దోమతెర గుడ్డ కట్టిన ప్లాస్టిక్ డబ్బాతో. డిపార్ట్‌మెంటులో ఊడ్చి తుడిచే మనిషి. నిర్ణా అనే పల్లెలో ఆమె అన్న జొన్నచేను ఉంది. ప్రతి సోమవారం అక్కడి నుంచి మిడతలు పట్టుకొస్తుంది.

"ఈసారి మస్తు దొరికినయి ఫెబమ్మా. ముప్పై దాక ఉంటయి. ఏంది, బయట కూసున్నవు? మేడం కొట్టిందా?" అని నవ్వింది.

తలుపు తెరుచుకుంది. మేడం కళ్లు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం కడుక్కుంది. సిద్దమ్మ చేతిలోని డబ్బా చూసింది.

"బతికున్నయేనా అన్నీ?"

"ఎగురుతున్నయి మేడం, సూడుండ్రి."

"ఫెబా, లే. ముందుగాల దూదితోని పరీక్ష. తర్వాత మిడతలు. రాత్రి దాక ఎన్నయితే అన్ని. సగటు లేదు, ప్రతి గీత విడిగ చూద్దాం."

"రేపు ఏం చెప్తం మేడం?"

"ఉన్నది చెప్తం," అంది మేడం. మైనం పరచడం మొదలుపెట్టింది.

ఆ రోజు ఏడు మిడతల్ని పెట్టారు. మూడు మొదట్లోనే చెడిపోయాయి. నాలుగింటి గీతలు దక్కాయి. జొన్నాకుకు రెండు మిడతలు దాదాపు ఒకేలా ఉలిక్కిపడ్డాయి. మూడోది ఆలస్యంగా లేచింది. నాలుగోది మాత్రం లేవాల్సిన చోట అణిగిపోయింది. వేపాకుకు నాలుగూ నాలుగు రకాలు. చూస్తుంటే ఫెబాకు కళ్లు తిరిగాయి. అందులో అందమైన ఆకారమేదీ లేదు. కానీ స్పీకరులో చిటపట మాత్రం ఆగకుండా వినిపించింది.

మంగళవారం పదకొండింటికి ముగ్గురు నిపుణుల ముందు మేడం లేచి నిలబడింది. మొదటి బొమ్మగా ఆ పదహారు గీతలే చూపింది. ముగ్గురిలో ఒకాయన మెచ్చుకోలుగా తలూపాడు. "దీన్ని వెనక్కి తీసుకుంటున్నాం," అంది మేడం. గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. రెండో బొమ్మ దూది వత్తిది. పదహారింటి కింద పదిహేడో వరసలో అదీ చక్కగా ఇమిడిపోయింది.

తలపండిన పెద్దాయన కళ్లద్దాలు తీసి ఫెబా వైపు తిరిగాడు. కన్నడంలో అడిగాడు, కోపం దాచుకోకుండా: "పదహారు జీవాలను కోసేదాకా ఒక్కసారైనా చచ్చినదాని మీద పరీక్ష పెట్టాలని తోచలేదా?"

ఫెబా లేచింది. బల్ల అంచు పట్టుకుంది. "తోచలేదు సార్. ఉత్త గాలితో చూస్తే చాలనుకున్నాను. గీతలు బాగా వస్తుంటే అనుమానపడాలని తెలియలేదు."

"ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబేమిటి? మిడతలన్నీ ఒకేలా వాసన పడతాయా, పట్టవా?"

"నాలుగే ఉన్నాయి సార్. నాకు తెలియదు."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఏదో రాసుకున్నాడు. మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. సాయంత్రానికి కాగితం వచ్చింది. ఫెబాకు ఏడాది కాదు, ఆరు నెలలే పొడిగింపు. మేడం ఉద్యోగం పక్కా చేసే విషయం వచ్చే ఏడు మళ్లీ చూస్తారట. మేడం ఆ కాగితం రెండుసార్లు చదివి మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"మీకు నావల్లనే..." అని ఫెబా మొదలుపెట్టింది.

"ఆపు. అచ్చయినంక ఎవరో బయటపెట్టి ఉంటే ఏమయ్యేదో రాత్రంతా అదే ఆలోచన చేసిన. ఇంటికి పోయి తిని పండుకో. నేను గూడ పోతున్న."

ఇంట్లో అమ్మకు చెప్పడం మంగళవారం కంటే కష్టమైంది. అమ్మ అర్థం చేసుకున్నది ఒక్కటే: అన్న చేసిన పెట్టె వల్ల బిడ్డ చదువు ఆరు నెలలకు కుదించుకుపోయింది. నెల రోజులు ఆమె క్రిస్టోఫర్‌తో సరిగ్గా మాట్లాడలేదు. మామ కూడా దుకాణం నుంచి తిన్నగా ఇంటికి పోవడం మొదలుపెట్టాడు.

ఆ నెలంతా ఫెబా కోసింది, గుచ్చింది, విన్నది. దసరా సెలవుల నాటికి ఇరవై రెండు మిడతల గీతలు చేతికొచ్చాయి. ఏదో ఒక నరాన్ని పట్టుకుని చూస్తే ఏ మిడతా ఇంకో మిడతలా లేదు. కానీ ఒక్కో మిడతలో తీగను జరుపుతూ పది పన్నెండు నరాలను కలిపి, ఏది ముందు లేచింది, ఏది అణిగింది అని వరస చూస్తే, జొన్నాకుకు పదిహేడు మిడతల్లో ఆ వరస పోలికలు కనబడ్డాయి. రోజూ తినే ఆకు కాబట్టేమో. వేపాకుకు దేని తీరు దానిదే. మిగతా ఐదు మిడతలు జొన్నాకును ఎందుకు వేరుగా పట్టుకున్నాయో ఎవరికీ తెలియదు. అది చిన్న జవాబు, సగం జవాబు. దాన్ని నమ్మడానికి ఫెబాకు చాలా రోజులు పట్టింది. ప్రతి పోలిక దగ్గరా టేబులు కింద మళ్లీ ఏ వైరు మోసం చేస్తోందోనని మోకాళ్ల మీద వంగి వెతికేది.

సెలవులకు ముందు రోజు పొద్దున్నే క్రిస్టోఫర్ మామ ల్యాబు తలుపు దగ్గర కనిపించాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఫెబమ్మా, ఒక మాట చెప్పాలె. నెల దినాల నుంచి నోట్లకెల్లి వస్తలేదు." టోపీ తీసి చేతుల్లో నలుపుకున్నాడు. "గసొంటి డబ్బా ఇంకోటి చేసిచ్చిన. బసవకళ్యాణ్ కాలేజీల దినేశ్ అని ఒక సార్ ఉన్నడు, తేనెటీగల మీద చదువుతుండు. నీ డబ్బా చూసి అడిగిండు. పోయిన ఉగాదికి ఇచ్చిన. అదే తీర్ల కట్టిన, వైర్లన్ని ఒక్క దిక్కే."

ఫెబా చేతిలోని కుంచె కింద పెట్టేసింది. "ఆయనకు చెప్పినవా?"

"లేదు. ఫోను తీసుడు, పెట్టుడు. ఏమని చెప్పాలె? నాకు భయమైతాంది బిడ్డా. నీ మొహం చూసిన గద ఆనాడు."

తొమ్మిదిన్నర బస్సుకు ఇద్దరూ బయలుదేరారు. మామ ఒళ్లో స్క్రూడ్రైవర్ల సంచీ, కొత్త వైరు చుట్ట. కంది చేలు పూత మీద ఉన్నాయి. కిటికీ అద్దం పగిలి ఉండటంతో దుమ్ము లోపలికి కొడుతోంది. ఆ సార్ ఎన్ని తేనెటీగలు పూర్తి చేసి ఉంటాడో, ఎవరికి పంపి ఉంటాడో, పెళ్లాం పిల్లలున్నారో లేదో, ఫెబా అవన్నీ ఊహించుకుంటూనే ఉంది. రెండుసార్లు నీళ్లు తాగింది.

కాలేజీ గేటు దగ్గర దినేశ్ ఎదురొచ్చాడు. ఆమె కంటే రెండు మూడేళ్లు పెద్దవాడు, గడ్డం మాసిపోయిన మనిషి. మామను చూడగానే మొహం విప్పారింది.

"రాండ్రి రాండ్రి క్రిస్టోఫరన్నా! మీ డబ్బా అద్భుతం. ముప్పై ఒక్క తేనెటీగలైనయి, అన్నిటి గీతలు ఒక్కటే లెక్క! పేపరు రాస్తున్న, పదిహేను దినాల్ల పంపుతున్న."

మామ చేతిలోని సంచీని ఫెబా అందుకుంది.

"ఇంకా పంపలేదు గదా అన్నా?" అని అడిగింది.

"లేదు. ఎందుకు?"

"అయితే మంచిదే అయింది. లోపటికి పోదాం పాండ్రి. మీ దగ్గర దూది ఉన్నదా, జరంత?"

దినేశ్ నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాడు. ముగ్గురూ మెట్లెక్కి లోపలికి నడిచారు.